టీ.ఎస్.హెచ్. ఒక్కటే చూచి మాత్ర మార్చరాదు
(అగ్రహారమున మన తెలుగు కుటుంబముల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



మేము వైద్యులము గాము, వర్తకులము. అయినను లెక్కను తప్పుగా చదివినచో కలుగు నష్టమెట్టిదో యెరుగుదుము. మా యింట జరిగిన అట్టి పొరపాటునే నేడు మనవి చేయదలచితిమి.

మా గృహిణికి గుండెదడ, చేతుల వణకు కలిగి, ఆకలి బాగుగనే యున్నను బరువు తగ్గజొచ్చెను. థైరాయిడు గ్రంథి మితిమీరి పనిచేయుచున్నదని పరీక్షలో తేలగా, వైద్యులు కార్బిమజోల్ మాత్రలిచ్చిరి. రెండు నెలలకు దడ తగ్గెను. కాని కాకినాడనుండి తెచ్చిన కాగితములో టీ.ఎస్.హెచ్. మునుపటివలెనే 0.01 అని యుండెను. మందు పనిచేయలేదని తలచి, ఎవరి నడుగకయే మాత్రలు హెచ్చించితిమి. కొలది వారములలో ఆమెకు నీరసము, ముఖమున ఉబ్బు, చలికి తాళలేకపోవుట ప్రారంభమయ్యెను. మరల పరీక్షింపగా టీ-4 ఉండవలసినదానికంటె పడిపోయి యుండెను. ఆ తప్పు ముమ్మాటికి మాదే.

వైద్యులు చెప్పిన దానిని మా వర్తకభాషలో విన్నవింతుము. థైరాయిడు తయారుచేయు సరుకు టీ-4, టీ-3. ఆ సరుకు కావలెనని మెదడు క్రింది పిట్యూటరీ గ్రంథి పంపు ఆర్డరు టీ.ఎస్.హెచ్. సరుకు మితిమీరినపుడు ఆర్డరు నిలిచిపోవును. అందుచేతనే ఈ వ్యాధిలో టీ-4, టీ-3 హెచ్చుగను, టీ.ఎస్.హెచ్. మిక్కిలి తక్కువగను ఉండును. మందువలన నిలువ సమమైనను, చిరకాలము ఆర్డరు మానిన దుకాణదారు మరునాడే వ్రాయడు గదా! టీ.ఎస్.హెచ్. తిరిగి లేచుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. కావున చికిత్స తొలినాళ్లలో ఫ్రీ టీ-4, టీ-3 అంకెలే ముఖ్యములు. కొందరికి టీ-4 సరిగా నుండి టీ-3 మాత్రమే హెచ్చుగా నుండును, రెండును చూడవలెను.

టీ.ఎస్.హెచ్. హద్దు పెద్దలకు సుమారు 0.4 మొదలు 4.0 వరకు. అది ప్రయోగశాలనుబట్టి కొంత మారును గనుక, కాగితముపై అచ్చువేసిన హద్దులతోనే పోల్చవలెను. వీలైనంతవరకు ఒకేచోట పరీక్ష చేయించుకొనవలెను. జుట్టునకై వాడు బయోటిన్ మాత్రలు అంకెలను తారుమారు చేసి, లేని వ్యాధిని ఉన్నట్లు చూపగలవు. కనీసము 2 దినములు ముందుగా వానిని మానవలెను.

మరి రెండు మాటలు. అంకెలు కుదిరినవని మందు మానరాదు. సాధారణముగా 12 మొదలు 18 నెలలు వాడవలసి యుండును. కార్బిమజోల్ వాడువారికి జ్వరముగాని, గొంతునొప్పిగాని వచ్చినచో మాత్ర ఆపి, ఆ దినముననే వైద్యుని జూచి తెల్లకణముల లెక్క చేయించుకొనవలెను. ఇది ప్రాణముతోడి పని.

మన చేతికి వచ్చు కాగితములు ఇంగ్లీషులో నుండును. తెలుగులో చెప్పుడని యడుగుటకు సిగ్గుపడకుడు. ఖాతా పుస్తకములవలె వానిని తేదీల వరుసను దాచి, ప్రతిసారియు వైద్యునకు చూపుడు. మేము పడిన చింత మరి యే యింటికిని రాకుండుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.