మూత ఉన్న దొన్నె



2023 జులై 14న చంద్రయాన్-3 ఎగిరినప్పుడు ఇవాళ పట్టా అందుకుంటున్న మీలో చాలామంది మేడల మీదే ఉండి ఉంటారు. రాకెట్ కేంద్రం పక్కనున్న సూళ్లూరుపేటలో అది అలవాటే కదా. ఆ రాకెట్ కొసన ఉన్న ఉష్ణకవచం గాలి ఒరిపిడికి అడ్డం నిలిచి, దాదాపు 115 కిలోమీటర్ల ఎత్తుకు చేరాక రెండుగా విడిపోయింది. ముందే విడితే లోపలిది దక్కదు. ఎప్పటికీ విడకపోతే పైకి పంపీ లాభం లేదు.

అలాంటి కవచమే ఆవు పాలలోనూ ఉంది. పాలు విరిగాక మిగిలే తేటలో ఎక్కువగా ఉండే ప్రొటీన్ బీటా-లాక్టోగ్లోబ్యులిన్. దాని నడుమ దొన్నెలాంటి గుంట. నీళ్లంటే గిట్టని విటమిన్ ఎ అందులో ఒదిగిపోతుంది. ఆ దొన్నెకు మూత కూడా ఉంది! పులుపులో మూసుకుంటుంది, పులుపు పోయాక తెరుచుకుంటుంది. అంటే కడుపులో మూత, పేగుల్లో విడుదల. కడుపులోని పెప్సిన్ కూడా దీన్ని తేలిగ్గా కోయలేదు. ఎన్నేళ్లు చదివినా ఈ అమరిక నాకు అబ్బురంగానే ఉంటుంది.

పాలకు తెల్లదనమిచ్చే కేసిన్ రేణువులూ ఇలాంటి పని చేస్తాయి. విటమిన్ డిని వాటిలో దాస్తే అతినీలలోహిత కిరణాలకు తక్కువగా పాడవుతుందని 2007లో ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ శాస్త్రవేత్తలు చూపించారు.

విటమిన్ ఎ లోపంతో పిల్లల కళ్లు పోతున్న రోజుల్లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా, 1970లో ఆరు నెలలకోసారి విటమిన్ ఎ మందు పోసే పథకం మొదలైంది. ఇప్పుడు వెన్నతోపాటు పోయిన ఆ విటమిన్‌ను ప్యాకెట్ పాలలో తిరిగి కలుపుతున్నారు. లీటరుకు 270 నుంచి 450 మైక్రోగ్రాములు ఉండాలన్నది ప్రమాణం. కలపడం తేలికే. వెలుతురు, గాలి తగలకుండా నిలపడమే కష్టం.

రసాయనశాస్త్రం చదివిన వాళ్లను ఒకటి అడుగుతాను. చిత్తూరు వైపు గానుగల్లో నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్కలో బోలెడు ప్రొటీన్ ఉంది. అదీ ఇలా కవచం కాగలదా? బూజు విషం అఫ్లటాక్సిన్ ఉంటే ఎలా వదిలించాలి? వేరుశనగ పడని పిల్లల మాటేమిటి? పని చేసి చూడండి.

ఈలోగా, రేపు పొద్దున అంగడి ముందు పాల ప్యాకెట్ల ట్రే ఎండలో కనిపిస్తే, దాన్ని నీడకు జరపమని చెప్పండి.