లెవుకా ఒడ్డు మనుషులు



మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు, దేని గురించి మాట్లాడాలా అని నేను వెతుక్కోలేదు. హైస్కూల్లో ఆయన మాకు సోషల్ చెప్పేవారు. ప్రపంచ పటం గోడకు తగిలించి, బెత్తం కొసతో పసిఫిక్ సముద్రంలో ఆవగింజంత చుక్కను చూపించి, "ఇదిగో, మా చిన్నతాత ఇక్కడున్నాడు" అనేవారు. ఎప్పుడో పోయిన మనిషి గురించి కూడా ఆయన "ఉన్నాడు" అనే అనేవారు. ఆ చుక్క పేరు ఫిజీ.

ఆ దీవుల మీద ఏ పుస్తకం దొరికినా మాస్టారు వదిలేవారు కాదు. నావికుల కథలు, దొరసానుల యాత్రలు, మిషనరీల ఉత్తరాలు అన్నీ చదివి, మాకు ఊరించి ఊరించి చెప్పేవారు. మేం నోళ్లు వెళ్లబెట్టి వింటుంటే, చివర్న ఒక ప్రశ్న వేసేవారు: "కథ బాగుంది కదా! మరి దీని ఖర్చు ఎవరి పద్దులో పడిందిరా?" ఈ సాయంత్రం ఆ ప్రశ్నను చేత్తో పట్టుకుని లెవుకా ఒడ్డున కాసేపు తిరుగుదాం.

ఒవలావు అనే చిన్న దీవికి తూర్పు అంచున ఉంది లెవుకా. వెనక నిట్టనిలువు కొండ, ముందు సముద్రం, ఆ రెంటి మధ్య ఒకే ఒక్క వీధి. దాన్ని బీచ్ స్ట్రీట్ అంటారు. తీరానికి కాస్త దూరంలో పగడపు దిబ్బలు గోడలా ఉంటాయి, వాటి మధ్య ఓడ దూరేటంత సందు. ఆ సందు కనిపెట్టడానికి మ్యాపు అక్కర్లేదని, తేలుతున్న ఖాళీ జిన్ను సీసాల వెంట వస్తే చాలని నావికులు చెప్పుకునేవారట. అది కథే కావచ్చు. కానీ తిమింగలాల వేటగాళ్లు, సముద్ర దోసకాయలనే జలచరాలను ఎండబెట్టి చైనాకు పంపే వర్తకులు, ఓడ దిగి మళ్లీ ఎక్కని సరంగులు, అప్పులవాళ్లకు దొరక్కుండా వచ్చినవాళ్లు ఆ వీధి నిండా ఉన్న మాట నిజం. దూరం నుంచి వచ్చిన ఇలాంటి తెల్లవాళ్లను ఫిజీవాళ్లు 'కై వలంగి' అంటారు.

వీళ్లలో తొలి తరం మనిషి డేవిడ్ విప్పీ. అమెరికాలోని నాన్‌టకెట్ దీవిలో 1802లో పుట్టాడు. అది ఊరు ఊరంతా తిమింగలాల వేట మీద బతికే చోటు. ఇరవై ఏళ్లు దాటీ దాటకముందే ఫిజీలో ఓడ దిగిపోయాడు. మిగతావాళ్లలా తాగి తందనాలాడకుండా పడవలు కట్టే పని పట్టాడు, భాష నేర్చాడు. లెవుకా అధిపతి నమ్మకం సంపాదించి 'మాతా కి బౌ' అనే హోదా పొందాడు. ఇక్కడ 'మాతా' అంటే రాయబారి. ఒవలావుకు ఎదురుగా ఉన్న బౌ అనే చిన్న దీవి ఆ రోజుల్లో బలమైన రాజ్యం. ఆ రాజ్యంతో మాట కలిపే పని ఒక తెల్ల నావికుడి చేతికొచ్చిందంటే, ఆ మనిషి ఎంత ఒదిగి బతికి ఉండాలో ఊహించండి. 1840లో అమెరికా ప్రభుత్వ నౌకాయాత్రా బృందం ఫిజీకి వచ్చినప్పుడు దానికి సాయపడిందీ ఈయనే. తర్వాత అమెరికాకు వైస్ కాన్సల్‌గా కూడా పనిచేశాడు.

1844లో బౌ అధిపతికి కోపం వచ్చి లెవుకాలోని తెల్లవాళ్లందర్నీ వెళ్లగొట్టాడు. ఆ అధిపతి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే మనవాళ్లు 'కాకోబౌ' అని చదువుతారు, పలికేది థాకొంబౌ అని. ఐదేళ్ల తర్వాత వెళ్లగొట్టినవాళ్లను మళ్లీ రానిచ్చాడు. విప్పీ 1871లో ఫిజీలోనే పోయాడు. ఆయన వంశం వాళ్లు ఇవాళ్టికీ ఫిజీలో ఉన్నారు. మాస్టారికి విప్పీ అంటే ఇష్టం. "వచ్చాడు, అక్కడి మనిషయ్యాడు" అనేవారు.

ఇక జాన్ బ్రౌన్ విలియమ్స్. ఈయన దగ్గర మనం కాసేపు ఆగాలి. మాసచూసెట్స్‌లోని సేలం రేవు నుంచి వచ్చిన వర్తకుడు, ఫిజీలో అమెరికా ప్రతినిధి. నుకులావు అనే చిన్న దీవిలో ఇల్లు కట్టుకున్నాడు. 1849 జులై 4, అమెరికా స్వాతంత్ర్య దినం. పండగ సంబరంలో ఫిరంగి పేలుళ్ల నుంచి నిప్పు రవ్వ ఎగిరి ఆయన ఇల్లే అంటుకుంది. మంటల్లోంచి బయటపడ్డ సామాన్లు కొన్ని చుట్టుపక్కల జనం పట్టుకుపోయారు. చెప్పడం వచ్చినవాడి చేతిలో పడితే కడుపుబ్బ నవ్వించే ఘట్టమే. మాస్టారు మమ్మల్ని నవ్వనిచ్చేవారు. నవ్వడం అయ్యాక పద్దు పుస్తకం తెరిచేవారు.

విలియమ్స్ తన నష్టం మొదట 5,000 డాలర్ల దగ్గర చెప్పాడు. దానికి వడ్డీ కలిసింది, తక్కిన అమెరికన్ల నష్టాలు కలిశాయి. 1855లో అమెరికా యుద్ధనౌక 'జాన్ ఆడమ్స్' వచ్చి, 43,000 డాలర్లకు పైగా కట్టాలని థాకొంబౌ నెత్తిన పెట్టింది. నుకులావు ఆయన ఏలుబడిలోది కూడా కాదు. కానీ తెల్లవాళ్లు తమ ఉత్తరాల్లో ఆయన్ను 'ఫిజీ రాజు' అని రాయడం అప్పటికే మొదలుపెట్టారు. రాజు అని రాశారు కాబట్టి అప్పూ ఆయనదే అన్నారు.

ఆ అప్పు తీర్చే దారి లేక 1858లో థాకొంబౌ తన దీవులను బ్రిటిష్ రాణికి అప్పగిస్తానన్నాడు. ఆ మాట పట్టుకుని లండన్ వెళ్లిన కాన్సల్ విలియం ప్రిచర్డ్ కూడా ఈ వీధి మనిషే. మిషనరీ కొడుకు, పుట్టింది తహితీలో. లండన్ వద్దంది. చివరికి 1868లో మెల్‌బోర్న్ వర్తకుల కంపెనీ ఒకటి అప్పు తీరుస్తానని ముందుకొచ్చింది, బదులుగా 2 లక్షల ఎకరాలు రాయించుకుంది. ఎవరి పొలాలో, ఎవరి కొబ్బరిచెట్లో ఆ కాగితంలో లేదు. ఆ నిప్పురవ్వ రాజేసింది ఒక్క ఇంటిని కాదు.

ఆ రోజుల్లోనే అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తికి గిరాకీ పెరిగి, తోటలు వేద్దామని తెల్లవాళ్లు గుంపులుగా దిగారు. 1869 సెప్టెంబరు 4న జి.ఎల్. గ్రిఫిత్స్ 'ఫిజీ టైమ్స్' పత్రిక మొదలుపెట్టాడు. ఆ పత్రిక ఇప్పటికీ వస్తోంది. 1871లో లెవుకా రాజధానిగా థాకొంబౌ పేరిట రాజ్యం ఒకటి ప్రకటించారు, మంత్రులు మాత్రం ఎక్కువమంది తెల్లవాళ్లు. వాళ్లలో ఒకడు జాన్ బేట్స్ థర్‌స్టన్. వర్తక నౌకల్లో తిరిగినవాడు, మొక్కల పిచ్చివాడు. ఓడ మునిగి సమోవాలో చిక్కుకుపోతే అక్కడా మొక్కలు సేకరిస్తూ కూర్చున్నాడు. తోటల యజమానులు ఆయన్ను తమ జాతికి ద్రోహి అన్నట్టు చూశారు, ఫిజీవాళ్ల పక్షం మాట్లాడతాడని. తర్వాతి కాలంలో ఆయనే గవర్నరయ్యాడు. సువాలో ఆయన పేరిట తోట ఉంది.

1874 అక్టోబరు 10న లెవుకా పక్కనే నసోవాలో సంతకాలు జరిగి ఫిజీ బ్రిటిష్ వలస అయింది. థాకొంబౌ తన యుద్ధగదను విక్టోరియా రాణికి పంపించాడు. మరుసటి జనవరిలో ఆయనా కొడుకులూ సిడ్నీ చూసి 'డిడో' అనే యుద్ధనౌకలో తిరిగొచ్చారు. వెంట తట్టు జబ్బు వచ్చింది. ఆ జబ్బు ముఖం ఎరగని జనంలో సుమారు 40,000 మంది చనిపోయారు. ఈ అంకె చెప్పేటప్పుడు మాస్టారు బెత్తం బల్ల మీద పెట్టేసేవారు.

అదే ఏడు తొలి గవర్నర్ సర్ ఆర్థర్ గోర్డన్ తన పరివారంతో దిగాడు. ఆ పరివారంతో కాన్‌స్టన్స్ గోర్డన్-కమ్మింగ్ అనే స్కాట్లండ్ దొరసాని వచ్చింది. బొమ్మలు వేసేది, ఒంటరిగా దేశాలు తిరిగేది. వాళ్ల స్నేహంలోకి బారన్ అనతోల్ ఫాన్ హ్యూగెల్ అనే ఆస్ట్రియా కుర్రాడు చేరాడు. ఊరూరా తిరిగి గదలు, కుండలు, బట్టలు పోగేశాడు. తర్వాత కేంబ్రిడ్జిలో మానవశాస్త్ర మ్యూజియానికి మొట్టమొదటి క్యూరేటరయ్యాడు.

గోర్డన్ దగ్గర ఒక మంచి ఉద్దేశం ఉంది. ఫిజీవాళ్లను వాళ్ల ఊళ్లలోంచి, భూముల్లోంచి పెకలించి తోటల్లో కూలికి పెట్టకూడదన్నాడు. ఆ మాట నిలబెట్టాడు కూడా. కానీ ఖజానాకు డబ్బు కావాలి, తోటలకు చేతులు కావాలి. ట్రినిడాడ్‌లో, మారిషస్‌లో గవర్నరుగా ఉండి వచ్చినవాడికి ఆ చేతులు ఎక్కడ దొరుకుతాయో తెలుసు. ఒకరి మీద దయ ఇంకొకరి పద్దులో ఖర్చుగా పడింది. 1879 మే 14న 'లియోనిడాస్' ఓడ కలకత్తా నుంచి 463 మందితో లెవుకా ముందు లంగరేసింది. దారిలోనే మశూచి, కలరా సోకాయి. జనాన్ని ఊళ్లోకి రానివ్వకుండా పక్కనున్న యనూథా లైలై దీవిలో దించారు. మన కూలీలు ఫిజీ నేల మీద మొదట కాలు పెట్టింది ఆ దీవిలోనే. 

వాళ్ల ఆరోగ్యం చూసిన ప్రభుత్వ వైద్యాధికారి విలియం మాక్‌గ్రెగర్. స్కాట్లండ్‌లో వ్యవసాయ కూలీ ఇంట పుట్టి, కష్టపడి డాక్టరయినవాడు. 1884 మే 11 రాత్రి 'సిరియా' అనే కూలీల ఓడ నసిలై దిబ్బల మీద పగిలిపోయింది. కబురు ఆలస్యంగా చేరింది. మాక్‌గ్రెగర్ పడవలు కూడగట్టుకుని వెళ్లి, తానే అలల్లోకి దిగి మనుషుల్ని లాగాడు. 59 మంది పోయారు, దాదాపు అందరూ మన కూలీలే. ఆయనకు ఆల్బర్ట్ పతకం వచ్చింది. తర్వాత న్యూగినీ, లాగోస్, న్యూఫౌండ్‌లాండ్, క్వీన్స్‌లాండ్‌లలో పాలకుడిగా చేశాడు. మాస్టారు ఈ మనిషి గురించి చెప్పేటప్పుడు గొంతు మారేది. "కూలివాడి కొడుక్కి కూలివాడి ప్రాణం విలువ తెలిసింది" అనేవారు. మాక్‌గ్రెగర్ వెంట పడవలు నడిపి అదే అలల్లో దిగినవాళ్ల పేర్లు నేను మీకు చెప్పలేను. అది నాకు బాధ.

కొండ అడ్డొచ్చి పెరగడానికి చోటులేక 1882లో రాజధాని సువాకు మారింది. లెవుకా నిద్రలోకి జారుకుంది. మళ్లీ ఒక్కసారి ఉలిక్కిపడి లేచింది 1917 సెప్టెంబరులో. ఫెలిక్స్ ఫాన్ లుక్‌నర్ అనే జర్మన్ కౌంట్, మోపీలియా దీవి దగ్గర తన ఓడ దిబ్బల మీద పడి పాడైతే, ఐదుగుర్ని వెంటేసుకుని చిన్న పడవలో 2,000 మైళ్లకు పైగా ప్రయాణించి లెవుకా దగ్గరి వకాయా దీవికి చేరాడు. చిన్న స్టీమరులో వెళ్లిన కొద్దిమంది పోలీసులు ఒక్క తూటా పేలకుండా పట్టుకున్నారు. లుక్‌నర్ ప్రపంచమంతా పేరు మోశాడు. ఆ కానిస్టేబుళ్లను ఎవరూ ఉపన్యాసాలకు పిలవలేదు.

రంగురంగుల పరదేశులు అనగానే మనం తెల్లవాళ్లనే లెక్కపెట్టడం నాకు నచ్చదు. 1912లో మారిషస్ మీదుగా వచ్చిన బారిస్టర్ మణిలాల్ పరదేశి కాడా? గాంధీగారి మాట మీద వచ్చి కూలీల కేసులు వాదించాడు, 1920 సమ్మె తర్వాత దేశం నుంచి పంపించేశారు. ఒప్పందపు కూలీగా వచ్చి, సాధువై, 1926లో దక్షిణాది వాళ్లకు సంగం స్థాపించిన కుప్పుస్వామి? 1897లో సువాలో దిగి, కూలీలతో హిందుస్తానీలో మాట్లాడుతూ, అనాథ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని పెంచిన మిషనరీ హన్నా డడ్లీని కూలీలు మా అమ్మ అని పిలుచుకున్నారు. విప్పీ పక్కన నేను కూర్చోబెట్టేది ఈమెను.

1903 నుంచి మద్రాసు రేవు ఓడలు మొదలయ్యాయి. కూలీ ఒప్పందానికి వాడిన అగ్రిమెంటు అన్న మాటే నోళ్లలో నలిగి గిర్మిట్ అయింది. ఐదేళ్లు చెరుకుతోట, కూలీ లైన్లలో ఇరుకు గది. 1879 నుంచి 1916 దాకా రెండు రేవుల నుంచీ మొత్తం 60,000 మందికి పైగా వెళ్లారు. అందులో తెలుగువాళ్లు తమ భాష నిలుపుకోవడానికి 1941లో ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. మాస్టారి చిన్నతాత వెళ్లింది ఆ మద్రాసు ఓడల్లోనే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఓడెక్కిన ప్రతి మనిషికీ ఒక పాసు రాసేవారు. పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. రిటైరయ్యాక మాస్టారు ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసి ఆ పాసు నకలు తెప్పించుకున్నారు. గుమాస్తా ఇంగ్లీషులో రాసిన ఊరి పేరు పోల్చుకోవడానికే చాలా రోజులు పట్టింది. మనిషి పేరు కలిసింది కాని, ఆ పేరు గలవాళ్లు విశాఖ జిల్లాలో ఎందరో. ఆ పాసు ఇంట్లో చదివి వినిపించిన సాయంత్రం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. మాస్టారి అమ్మగారికి అప్పటికి చూపు ఆనదు. మంచం పక్కన కూర్చుని ఆయన ఒక్కో గడీ తెలుగులోకి మార్చి వినిపించారు. కుడి కనుబొమ్మ మీద మచ్చ అన్న దగ్గర ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"తాటిచెట్టు మీంచి పడ్డాట్రా. మా అత్తగారు చెప్పేది. మరిదికి పసుపు అద్ది కట్టు కట్టింది తనేనట."