దడుపు కాదు, దెబ్బ
(పాలమూరు జిల్లాలో ఒక వాడకట్టు మీటింగులో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)



ఇయ్యాల ఒక డాక్టర్ల మాట చెప్త. పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్. పొట్టిగా పీటీఎస్‌డీ. ‘ట్రామా’ అంటే గ్రీకు భాషలో గాయం. ‘పోస్ట్’ అంటే తర్వాత. ప్రాణం పోతదనిపించిన దెబ్బ తిన్నోళ్లకు, కండ్లార చూసినోళ్లకు, ఒంటి గాయం మానినంక కూడా లోపల మిగిలేది ఇది.

జరిగింది మళ్లమళ్ల కండ్ల ముందర కదులుతది. ఆ తొవ్వన పోబుద్ధి కాదు, ఆ ముచ్చట తీయబుద్ధి కాదు. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుడు, నిద్ర లేకపోవుడు, మనుషుల మీద నమ్మకం పోవుడు. నెల దాటినా తగ్గక, పని సాగనియ్యకపోతేనే డాక్టర్లు ఈ పేరు పెడతరు. ప్రతి దిగులుకూ ఈ మాట వాడొద్దు.

వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన సైనికులు, వాళ్ల పక్షాన నిలబడ్డ డాక్టర్లు కొట్లాడితేనే 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని తన జబ్బుల పుస్తకంలో చేర్చింది.

మనం మాత్రం దడుసుకున్నడంటం, గాలి సోకిందంటం, అంత్రం కట్టిస్తం. నేనూ తప్పు చేసిన. మా బడిలో ఒక పిల్లగాడు మోటర్ సైకిల్ చప్పుడైతే బల్ల కిందికి దూరేటోడు. కోతిచేష్టలని కొట్టిన. వాళ్ల నాయినను వాని ముందరనే కట్టెలతో కొట్టిన్రని తర్వాత తెలిసింది.

ఈ పేరుల ‘తర్వాత’ అన్న మాటతోనే నాకు పేచీ. సైనికుడు యుద్ధం విడిచి ఇంటికొచ్చిండు. మనం కొట్టినోని చేన్లనే కూలికి పోవాలె, వాని ఇంటి ముందర నుంచే నడవాలె. చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను చంపిన్రు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. మన పక్క మిర్యాలగూడలో 2018 సెప్టెంబర్ 14న దళిత యువకుణ్ణి గర్భిణి భార్య ముందరనే నరికి చంపిన్రు. శిక్షలు పడ్డది 2025 మార్చిలో. ఆ ఇండ్లల్ల ‘తర్వాత’ ఎన్నడు మొదలైనట్టు?

కార్యకర్తలకు ఒక మాట. దరఖాస్తు రాసేటప్పుడు విరిగిన చెయ్యి ఒక్కటే రాయకండి. నిద్ర పోయింది, పిల్లలు బడి మానిన్రు, అదీ రాయండి. డాక్టరుకు చూపించి కాగితం తీసుకోండి. 14416కు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతరు. ఎవరినీ పిచ్చోళ్లనకండి.

మందు తీసుకుందాం. కేసు మాత్రం విడవొద్దు. జబ్బు మనకు వచ్చింది, నేరం చేసింది వాళ్లు.

జై భీమ్.