తీసివేతలో పుట్టే అలంకారం



ఎవరి పేర ఈ ఉపన్యాసం పెట్టారో ఆ పేరు ఈ పుస్తకం అట్ట మీద ఉంది. నేను మళ్లీ చెప్పను. మా ఈడువాళ్లెవరం ఆయన్ని పేరుపెట్టి పిలిచి ఎరగం. వెలుగోడులో అయ్యవారిల్లు ఏదంటే చాలు, ఎవరైనా చూపించేవాళ్లు.

ఒకసారి గుడికి నంది విగ్రహం చెప్పిరావడానికి ఆయన ఆళ్లగడ్డ పోతూ నన్ను తోడు తీసుకెళ్లారు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని వేళ్ల మీద ఏదో లెక్కపెడుతున్నారు. విగ్రహం ఖర్చు లెక్కేసుకుంటున్నారేమో అనుకున్నాను. నంద్యాల దాటాక నా వైపు తిరిగి, "ఒరే, తేటగీతి పాదం ఒకటి దొరికింది, విను" అన్నారు.

అదిగొ వెలుగోడు నంద్యాల యాళ్లగడ్డ.

మూడు ఊళ్ల పేర్లు. బస్సు బోర్డు మీద రాసినవే. ఇందులో పద్యమేముందని నవ్వాను. ఆయన నవ్వలేదు. తేటగీతి పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు రావాలి కదా, సరిచూసుకో అన్నారు. 'అదిగొ' మూడూ లఘువులే, నగణం, కాబట్టి సూర్యగణం. 'వెలుగోడు' రెండు లఘువులు, ఒక గురువు, ఒక లఘువు. దాన్ని సలం అంటారు, ఇంద్రగణం. 'నంద్యాల' తగణం, అదీ ఇంద్రగణమే. 'ఆళ్లగడ్డ'ను నడిమికి విరిస్తే రెండు గలాలు, అంటే రెండు సూర్యగణాలు. ఇక యతి. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి ఉండాలి. అకారానికీ ఆకారానికీ ఉంది. మరి 'యాళ్లగడ్డ' ఏమిటని అడిగాను. "మీ ఇంట్లో మా అమ్మ అంటావా, మాయమ్మ అంటావా?" అన్నారు. మాయమ్మ అనే అంటాం. ఆ యకారమే ఇక్కడా వచ్చి నిలబడింది.

నేను పుట్టిన వెలుగోడు ఒక ఇంద్రగణమని అప్పటిదాకా నాకు తెలియదు. గణాలకు యమాతారాజభానసలగం అనే సూత్రం బడిలో బట్టీపట్టినవాణ్నే. పట్టిన సూత్రం ఒకవైపు, నోట్లో నానే ఊరి పేరు ఒకవైపు ఉండిపోయాయి. రెండూ ఒకటేనని చెప్పినవాళ్లు లేరు.

ఛందస్సును ఇంతటితో వదిలేస్తాను. అది లెక్క, కూర్చుంటే ఎవరికైనా వస్తుంది. చిక్కంతా అలంకారాల దగ్గర. ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష, అతిశయోక్తి అని పేర్లు వరసగా అప్పజెప్పే పిల్లవాణ్ని ఒక కొత్త వాక్యం ఇచ్చి ఇదేమిట్రా అంటే నోరు విప్పడు. అయ్యవారు వీటిని నాలుగు వేరువేరు సరుకులుగా చెప్పేవారు కాదు. ఒకే వాక్యం తీసుకుని అందులోంచి ఒక్కొక్కటే పీకేసేవారు. నేనూ అదే చేసి చూపిస్తాను.

మన ఊరి జలాశయాన్నే తీసుకుందాం. శ్రీశైలం నీళ్లు పోతిరెడ్డిపాడు దాటి, బానకచెర్ల దాటి వచ్చి ఇక్కడ నిలుస్తాయి. నిండితే 16.95 టీఎంసీలు. "మన రిజర్వాయరు సముద్రంలా కనుచూపుమేర పరుచుకుంది" అన్నామనుకోండి. దేన్ని పోలుస్తున్నామో అది, రిజర్వాయరు, ఉపమేయం. దేనితో పోలుస్తున్నామో ఆ సముద్రం ఉపమానం. కనుచూపుమేర పరుచుకోవడం రెంటికీ ఉన్న గుణం, సమానధర్మం. 'లా' ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ.

ఇక తీసివేత. పరుచుకోవడం తీసేయండి: "రిజర్వాయరు సముద్రంలా ఉంది." ఎందులో సముద్రంలా ఉందో వినేవాడే ఊహించుకోవాలి. ఇది లుప్తోపమ. 'లా' కూడా తీసేయండి: "మన రిజర్వాయరు సముద్రమే." పోలిక పోయి రెండూ ఒకటైపోయాయి, రూపకం. ఆఖరికి రిజర్వాయరునే తీసేయండి: "నల్లమల కిందికి సముద్రం వచ్చింది." ఉపమానం ఉపమేయాన్ని మింగేసింది. పాతవాళ్లు దీన్ని రూపకాతిశయోక్తి అన్నారు. అతిశయోక్తి అంటే గోరంతలు కొండంతలు చెయ్యడమని మాత్రమే చదువుకున్న పిల్లలకు ఈ మింగడం సంగతి తెలియదు.

ఉత్ప్రేక్ష ఈ వరసలో సరిగ్గా ఇమడదు. "నల్లమల కాళ్లు కడుక్కుందామని నీళ్లు తెప్పించుకుందేమో" అన్నప్పుడు చెప్పేవాడు నమ్మడం లేదు, నమ్మినట్టు ఊహిస్తున్నాడు. ఆ 'ఏమో'లో ఉంది ఉత్ప్రేక్ష అంతా. దాన్ని తీసేస్తే పచ్చి అబద్ధం మిగులుతుంది.

కవులే ఇలా మాట్లాడతారనుకోవద్దు. ఈ జలాశయం ఏ పథకం కిందిది? తెలుగు గంగ. పారేది కృష్ణ. పేరులో కృష్ణ ఎక్కడుంది? ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కిన రూపకాతిశయోక్తి ఇది. మన పల్లెల్లో బావిలో పడిన నీరు కూడా గంగే కాబట్టి ఎవరికీ ఎబ్బెట్టుగా తోచదు. కుండకు మెడ, గడియారానికి ముల్లు కూడా ఇలాంటివే. వాటిలో పోలిక ఉందన్న సంగతే మరిచిపోయాం. పొడుపుకథ దీన్ని తిరగేస్తుంది. "కొండ కింద అద్దం, ఎంత కొట్టినా అతుక్కుంటుంది" అని ఉపమేయాన్ని దాచి, వెతికి తెమ్మని పిల్లలను పురమాయిస్తుంది. నీళ్లని చెప్పిన పిల్లవాడు అలంకారశాస్త్రంలో మొదటి పరీక్ష నెగ్గినట్టే.

ఆళ్లగడ్డలో ఆ రోజు శిల్పి ఇంటి ముందు చాలాసేపు కూర్చున్నాం. రోడ్డు పక్కనే సగం చెక్కిన దేవుళ్లు. అయ్యవారు నంది మూపురం ఎంత ఎత్తు ఉండాలో చెబుతున్నారు. శిల్పి విని, ఉలి పక్కన పెట్టి అన్నాడు: "తక్కువ తీస్తే రేపు తీసుకోవచ్చు సామీ. ఎక్కువ తీస్తే రాయి పారెయ్యాల్సిందే." తిరుగు బస్సులో అయ్యవారు ఈ మాటే మళ్లీ మళ్లీ చెప్పుకున్నారు. కవిత్వంలో కూడా ఉపమేయాన్ని తీసేస్తే పాఠకుడి చేతికి ఏదో ఒక కొస మిగలాలి. ఏ కొసా మిగల్చకుండా చెక్కేసి, అర్థం కాలేదంటే చదువరిదే లోపమనే ఆధునికులు కొందరున్నారు. వాళ్లు ఆళ్లగడ్డలో ఒక వారం ఉండి రావాలని నా సలహా.

ఏమీ తియ్యకుండానే అర్థాన్ని రెండింతలు చేసే అలంకారం ఒకటుంది, శ్లేష. దాని గురించి నంద్యాల సీమలో మాట్లాడకపోతే తప్పు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన తన 'కళాపూర్ణోదయం' అంకితమిచ్చింది నంద్యాల కృష్ణమరాజుకు. దాని మీదా, సూరనదే అయిన 'ప్రభావతీ ప్రద్యుమ్నం' మీదా చేసిన ఆలోచనతోనే కట్టమంచి రామలింగారెడ్డి 'కవిత్వతత్త్వ విచారము' రాసి తెలుగు విమర్శకు కొత్త దారి వేశారు. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 'కళాపూర్ణోదయం'ను ఇంగ్లీషులోకి తెచ్చారు. అదే సూరన 'రాఘవపాండవీయం' అనే శ్లేషకావ్యం కూడా రాశాడు. ఒకలా చదివితే రామాయణం, ఒకలా చదివితే భారతం. ఒక పద్యం అలా రాయడమే గొప్ప; ఆయన నాలుగు ఆశ్వాసాలు నడిపాడు.

ఎలా సాధ్యమని అడుగుతారు. మన ఊరి పేరే చూడండి. ఇది సరదాకే, ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందన్నది వేరే సంగతి. వెలుగు అంటే కాంతి. చేనికి వేసే ముళ్లకంచె కూడా వెలుగే. మాట విరగకుండానే రెండర్థాలు, కాబట్టి అభంగశ్లేష. ఇక 'వెలుగోడు' మొత్తాన్ని 'వెలుగు, ఓడు' అని విరిస్తే కాంతి ఓడిపోతుంది. మన నోటి తీరులో ఊరివాడు 'ఊరోడు' అయినట్టు 'వెలుగు వాడు' అని విరిస్తే, కాంతిని వెంట తెచ్చే మనిషి. విరుపు మారితే అర్థం మారింది, ఇది సభంగశ్లేష. తెలుగులో సంధులు మాటలను అతికేస్తాయి గనక ఎక్కడ విరవాలో చదివేవాడి చేతిలో ఉంటుంది. సూరన ఆ విరుపుల మీద ఇల్లు కట్టుకున్నాడు. నాకు మాత్రం 'రాఘవపాండవీయం' మీద గౌరవం ఎక్కువ, 'కళాపూర్ణోదయం' మీద ప్రేమ ఎక్కువ. మొదటిది చదువుతుంటే కవి పడ్డ కష్టం కళ్ల ముందుంటుంది. రెండోదాంట్లో కథే ఉంటుంది.

పరీక్షల సంగతి ఒక్క ముక్క. ఒక్కో అలంకారానికి ఒక్క ఉదాహరణ, అదీ ఏళ్ల తరబడి అదే, గైడులో అచ్చయి ఉంటుంది. పిల్లవాడు ఉదాహరణను బట్టి అలంకారాన్ని గుర్తుపడతాడు తప్ప వాక్యాన్ని బట్టి పట్టడు. ఇక్కడున్న తెలుగు ఉపాధ్యాయులకు నా మనవి: ఒక్క వారం గైడు మూసి, ఇంట్లో అవ్వ తిట్టిన తిట్లు పది రాసుకు రమ్మనండి. ఉపమలు, రూపకాలు, అతిశయోక్తులు అన్నీ వాటిలో దొరుకుతాయి. పేర్లు ఆ తర్వాత చెప్పొచ్చు.

తేటగీతికి నాలుగు పాదాలు. అయ్యవారు ఆ రోజు బస్సులో చెప్పింది ఒక్కటే. మిగతా మూడు ఎప్పుడైనా పూర్తి చేశారా అని ఇంటివాళ్లను అడిగాను, ఆయన కాగితాలన్నీ వెతికి లేవన్నారు. కాబట్టి పిల్లలూ, ఆ మూడూ మీవి. ప్రాసనియమం లేదు గనక భయపడకండి. గణాలు, యతి మాత్రం సరిచూసుకుని, వచ్చే ఏడాది ఈ సభకు వచ్చి చదవండి.