మేకల ప్రదర్శనము నేర్పు పాఠము

 

 2019 వ సంవత్సరపు పశుగణనమునందు గొఱ్ఱెల సంఖ్యలో తెలంగాణము దేశమున ప్రథమస్థానమును, ఆంధ్రప్రదేశము ద్వితీయస్థానమును పొందినవి. ఈ గౌరవము మందవెంట ఎండకును వానకును ఓర్చి నడచినవారిది. అయితే లెక్కయందు మిన్నయగుట వేఱు, పోషణయందు మిన్నయగుట వేఱు. ఈ భేదమును మాకు తేటపఱచినది పశుప్రదర్శనము.

ప్రదర్శనమునకు మేకపోతును గొనిపోవువారు దానిని కడిగి, వెండ్రుకలు దువ్వి, కొమ్ములకు నూనె రాచి, మెడలో మువ్వలు గట్టుదురు. పరీక్షకులు మువ్వలను జూడరు. పెదవి యెత్తి పండ్లు చూతురు. రెండు పెద్దపండ్లు వేసినది ఏడాది దాటినదనియు, ఎనిమిదియు వేసినది సుమారు నాలుగేండ్ల ప్రాయముగలదనియు గ్రహింతురు. యజమాని చెప్పిన వయస్సు అచ్చట చెల్లదు. వీపు తడిమి కండ చూతురు. నడిపించి గిట్టలు చూతురు. ఆడుమేకయైనచో పొదుగు చూతురు. నెలల తరబడి పెరుగనిచ్చిన గిట్టను ఆనాటి ఉదయమున కత్తిరించినంత మాత్రమున నడక చక్కబడదు.

మఱికొందఱు ప్రదర్శనమునకు ముందు వారమున ధాన్యము మెండుగ పెట్టుదురు. ఆకులలములకు అలవడిన కడుపు దానిని ఓర్వలేదు. అది పులిసి, ఉబ్బి, ప్రాణమునకే ముప్పు దెచ్చును. దాణా కొద్దికొద్దిగనే పెంచవలయును. తొలకరి లేతపచ్చికను విపరీతముగ మేసిన పుష్టిగల పిల్లనే చిటుకురోగము ముందుగ బలిగొనును. కనుక టీకా వానలకు ముందే వేయింపవలయును. ఈనిన పిల్లకు తొలిగంటలోపలనే ముఱ్ఱుపాలు పట్టవలయును. ఆ వేళ దప్పిన లోటును తరువాత ఎన్ని పాలు పోసినను తీర్పలేము.

ఒక్కనాటి అలంకారమునకు బహుమానము లేదు. ఏడాది పొడుగున చేసిన పోషణకే కలదు.

సోదరులారా! మన మహాసభయు ఒక ప్రదర్శనమే. తోరణములు, ఊరేగింపులు, సన్మానములు వలసినవే. కాని లోకము మన పండ్లు లెక్కింపక మానదు. మన బాలబాలికలలో ఎందఱు బడిలో నున్నారు, ఎందఱు నడుమ మానినారు అని యడుగును. మేత వెదకుకొనుచు నెలల తరబడి పరస్థలములకు మందలు తోలు కుటుంబములయందు బిడ్డలును వెంటబోవుదురు. మరలి వచ్చునప్పటికి తోడివారు పాఠములలో ఎంతో ముందునకు సాగియుందురు. ముఱ్ఱుపాల వంటిదే చదువు. వేళ దప్పిన పిదప తీర్మానములతో ఆ లోటు పూడదు.

కావున, దాతలారా! ఈ సభావ్యయమున కొంతభాగమును అట్టి కుటుంబముల బిడ్డల వసతికిని చదువునకును ప్రత్యేకింపుడని ప్రార్థించుచున్నాము. ప్రతి గ్రామసంఘమును మంద తరలుటకు ముందే ఆ బిడ్డల పేర్లు వ్రాసికొని, ఒక్క బాలికనైనను బడిలో నిలుపు బాధ్యత వహింపవలయును. తాతల నాటి మందను మనము విడువనక్కఱలేదు. దానిని కాచుటకై బిడ్డల చదువును విడిపింపరాదు.