ఫోను మనల్ని అడగకుండా ఎక్కడ చేరుతోంది?



మొన్న నవంబరులో పెదవేగిలో మా అరుగు మీద కూర్చుని జీవన్ ప్రమాణ్ పంపబోయాను. 2014లో ఈ సదుపాయం, 2021లో ముఖం చూపి పంపే వీలు వచ్చాక మనకు తిరుగుడు తగ్గింది. ఆ రోజు మాత్రం గంటసేపు తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది. పింఛను ఆగిపోతుందేమోనని గుండె దడ. మనవరాలు చూసి, "తాతయ్యా, ఫోను పక్కింటి వై-ఫై పట్టుకుని వేలాడుతోంది" అంది. ఎప్పుడో పండుగనాడు కలుపుకున్నది! సిగ్నలు సరిగా అందకపోయినా ఫోను వదల్లేదు. వై-ఫై ఆపి సిమ్ డేటా పెట్టగానే పని అయిపోయింది.

ఇంతకన్నా పెద్ద సంగతి మరొకటుంది. పాస్‌వర్డు లేని వై-ఫైని ఫోను పేరును బట్టే గుర్తుపడుతుంది. 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌తో మొదలుపెట్టి రైల్వే స్టేషన్లలో ఉచిత వై-ఫై పెట్టారు. అలాంటిదానికి ఒకసారి కలిపామనుకోండి. అదే పేరుతో ఎవడో దొంగ మరోచోట తెరిచినా ఫోను తనంతట తానే చేరవచ్చు. అక్కడ దొంగ పేజీలో ఓటీపీ కొడితే మన సొమ్ముకే ముప్పు.

కనుక ఫోనులోగాని, ట్యాబ్‌లోగాని సెట్టింగ్స్‌లో వై-ఫై తెరిచి, దాచి ఉన్న పేర్లు చూడండి. అక్కరలేనివి 'ఫర్గెట్' నొక్కి తీసేయండి. అప్పుడప్పుడు వాడేవాటికి 'ఆటో కనెక్ట్' ఆపండి. ఐఫోనులో దాన్ని 'ఆటో జాయిన్' అంటారు. బ్యాంకు పనులు సిమ్ డేటాతోనే చేసుకోండి.

సర్వీసంతా చదవనిదే సంతకం పెట్టని వాళ్ళం. మన తరఫున ఫోను పెడుతుంటే ఊరుకుందామా?