చేతిపని ఆగిన రోజున

సర్వ స్తోత్రాలూ మనల్ని పుట్టించి పోషిస్తున్న అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, వారి కుటుంబంపై, సహచరులపై శాంతి, శుభాలు కలుగుగాక!

ధార్మిక సోదరులారా!

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. తోపుడుబండిపై పండ్లు అమ్మేవారు, ఆటో నడిపేవారు, పంక్చర్లు వేసేవారు, కుట్టుమిషన్‌తో పిల్లల్ని పోషించుకునే తల్లులు ఒక్కరోజులో పని కోల్పోయారు. వారికి జీతమిచ్చే యజమాని లేడు. సరుకు కొనడానికి దాచుకున్న పెట్టుబడే తిండికి ఖర్చయిపోయింది. మన సఫ్‌లలో మన పక్కన నిలబడేవారిలో ఇటువంటివారు ఎందరో ఉన్నారు.

సాయం కోరి వచ్చిన ఒక అన్సారీ సహచరుని ఉదంతం హదీసులలో ఉంది. దైవప్రవక్త (సఅసం) ఆయన ఇంట్లోని దుప్పటిని, గిన్నెను తెప్పించి 2 దిర్హములకు అమ్మారు. ఒక దిర్హముతో ఇంటివారికి ఆహారం, మరొకదానితో గొడ్డలి కొనిపించారు. స్వయంగా దానికి పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకొమ్మని పంపారు. 15 రోజుల తర్వాత ఆయన 10 దిర్హములు సంపాదించి వచ్చారు. ముందు ఆకలి తీర్చాలి, ఆపై పనిముట్టు చేతికివ్వాలి. సాయానికి ఇదే సరైన క్రమం.

ఈ బాధ్యత పాలకులది కూడా. హిజ్రీ 18లో కరవు వచ్చినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ఇతర ప్రాంతాల నుండి ధాన్యం తెప్పించి ప్రజలకు పంచారు. వారి కష్టం తీరేవరకు తాము నెయ్యి ముట్టలేదు.

మహమ్మారి కాలంలో మన ప్రభుత్వాలు చేసిన సాయాన్నీ ఈ క్రమంలోనే చూద్దాం. తెలంగాణలో ఆహార భద్రతా కార్డుదారులకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు అందాయి. ఆంధ్రప్రదేశ్‌లో సొంత ఆటో, టాక్సీ నడుపుకునేవారికి వాహనమిత్ర కింద 10,000 రూపాయలను 2020 జూన్‌లోనే ఇచ్చారు. అదే నెలలో కేంద్రం పట్టణ వీధి వ్యాపారులకు పీఎం స్వనిధి పేరిట, హామీ లేకుండా 10,000 రూపాయల అప్పు ప్రకటించింది.

ఇలాంటి సాయం విషయంలో మనపై మూడు బాధ్యతలున్నాయి.

మొదటిది సత్యం. ప్రభుత్వ ధనం ప్రజల అమానత్. అర్హత ఉన్నవారు దానిని తీసుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు. అర్హత లేనివారు తప్పుడు వివరాలతో తీసుకుంటే అది పేదవాని నోటి ముద్దను లాక్కోవడమే.

రెండవది తోడ్పాటు. గుర్తింపు కార్డు లేని వ్యాపారికి పురపాలక సంఘం సిఫారసు లేఖ ఇచ్చే వీలు స్వనిధిలో ఉంది. ఆ సంగతి తెలియక, దరఖాస్తు నింపలేక ఆగిపోయినవారున్నారు. చదువుకున్న మన యువకులు జుమా తర్వాత ఒక గంట మస్జిద్‌లో కూర్చుంటే ఎన్నో ఇళ్లకు మేలు జరుగుతుంది.

మూడవది అన్నిటికన్నా బరువైనది. స్వనిధి అప్పుపై వడ్డీ ఉంది. సకాలంలో చెల్లిస్తే ప్రభుత్వం 7 శాతం తిరిగి ఇస్తుంది, అంతకు మించినది అప్పు తీసుకున్నవాడే భరించాలి. వడ్డీని అల్లాహ్ నిషేధించాడు, ఆ ఆజ్ఞను మనం తేలిక చేయలేము. అయితే మింబర్ మీద వడ్డీ హరామ్ అని చెప్పి, విని, ఇంటికి వెళ్లిపోతే సరిపోతుందా? బ్యాంకును వదిలిన పేదవాడు రోజువారీ వసూలు చేసే ఫైనాన్స్ వ్యాపారి చేతిలో పడతాడు. మన దగ్గర ధనం ఉండి కూడా అతనికి ఖర్జె హసనా ఇవ్వకపోతే, రేపు అల్లాహ్ అతనినొక్కడినే ప్రశ్నిస్తాడా?

కాబట్టి ప్రతి మస్జిద్‌లో బైతుల్ మాల్ ఏర్పరచుకుందాం. ఒక తోపుడుబండికి సరిపడే మొత్తాన్ని వడ్డీ లేకుండా ఇద్దాం. ఖుర్ఆన్ ఆదేశించినట్లు దానిని రాసి, సాక్షులను పెట్టుకుందాం. తీర్చలేని స్థితిలో ఉన్నవానికి గడువిద్దాం. తీర్చగలిగినవాడు ఆలస్యం చేయకూడదు, ఆ డబ్బు కోసం మరొకరు ఎదురుచూస్తుంటారు.

ఓ అల్లాహ్! మా చేతిపనులలో బర్కత్ ప్రసాదించు. రుణభారం నుండి, వడ్డీ నుండి మమ్మల్ని కాపాడు. మహమ్మారిలో మరణించినవారిని మన్నించు, వారి కుటుంబాలకు ఆసరా కల్పించు. మా పాలకులకు న్యాయబుద్ధినివ్వు. ఆమీన్.